వంకరగా పడిన విస్కీ

డిటెక్టివ్ మిల్లర్ గ్లాసులోకి విస్కీ పోస్తుంటే ధార నిట్టనిలువుగా దిగదు, కొడవలిలా పక్కకు ఒంగి పడుతుంది. ‘ది ఎక్స్‌పాన్స్’ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదటి సీజన్‌లోని ఆ దృశ్యాన్ని వెనక్కి జరిపి మళ్లీ చూశాను. మూడోసారి చూశాక కాగితం, కలం తీసుకున్నాను.

మిల్లర్ ఉండేది కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే సెరెస్ అనే మరుగుజ్జు గ్రహంలో. దాని వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు. కథలో దాన్ని బొంగరంలా తిప్పి, లోపలి సొరంగాల్లో భూమి మీది బరువులో 30 శాతం దాకా పుట్టించారు. రంగులరాట్నంలో మనల్ని బయటికి నెట్టే తోపుడే అక్కడివాళ్లకు ‘కింద’. గాలిలో ఉన్న ధార తన దారిన తాను పోతుంటే, ఈలోపు గ్లాసు పక్కకు జరిగిపోతుంది. చూసేవాళ్లకు ధారే ఒంగినట్టుంటుంది. ఇదే కొరియాలిస్ ప్రభావం. బంగాళాఖాతంలో తుపాను సుడి తిరిగేదీ దీనివల్లే.

సూత్రం సరైనదే, చిక్కంతా కొలతలోనే. అంత పెద్ద గోళంలో 30 శాతం బరువు రావడానికి 40 నిమిషాలకో చుట్టు చాలు. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పోసిన విస్కీ అర సెకనులోపే గ్లాసు చేరుతుంది. ఆ కాస్త వ్యవధిలో ధార పక్కకు జరిగేది మిల్లీమీటరులో ఐదో వంతు! తెర మీద కనిపించేంత వంపు కావాలంటే 30 మీటర్ల వ్యాసార్ధమున్న చక్రం 20 సెకన్లకోసారి తిరగాలి. అప్పుడు ధార దాదాపు 3 సెంటీమీటర్లు తప్పుకుంటుంది. అన్నట్టు, సెరెస్ సొంత ఆకర్షణ భూమిదానిలో 3 శాతం కూడా లేదు. 40 నిమిషాలకో చుట్టు తిప్పినా ముందు ఆ మరుగుజ్జు గ్రహమే చెల్లాచెదురవుతుంది, విస్కీ సంగతి తర్వాత.

అయినా నాకీ సిరీస్ మీద కోపం రాలేదు. ఓడల విషయంలో అది చూపిన నిజాయితీ అలాంటిది. చాలా సినిమాల్లో అంతరిక్ష నౌకలు విమానాల్లా అడ్డంగా ఉంటాయి, లోపలి మనుషులు ఏ కారణమూ లేకుండా నేల మీద నడుస్తుంటారు. ఇక్కడి ఓడ మాత్రం అపార్ట్‌మెంటులా అంతస్తుల మీద అంతస్తులు. అడుగున ఇంజిన్. లిఫ్టు పైకి కదలగానే కాళ్ల మీద బరువు పెరిగినట్టే, ఇంజిన్ తోసినంతసేపూ నేల వాళ్ల కాళ్లను ఒత్తుతుంది. సగం దూరం వెళ్లాక ఓడ పల్టీ కొట్టి, తోకను గమ్యం వైపు తిప్పి, అదే ఇంజిన్‌తో వేగం తగ్గించుకుంటుంది. ఇంజిన్ ఆపితే అన్నీ తేలతాయి.

ఆ విస్కీనే ఓడలో పోసి ఉంటే, ఇంజిన్ సమంగా మండుతున్నంతసేపూ నిట్టనిలువుగానే పడేది.