సబ్సిడీని నమ్ముకొని షెడ్డు కట్టకండి: ఇండస్ట్రియల్ పాలసీపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం పరకాల నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. చేతిలో ఎనిమిది పవర్‌లూమ్‌ల కొటేషన్లు, ఫోన్‌లో ఒక వీడియో. "సార్, గవర్నమెంట్ ఇచ్చే సబ్సిడీని నా వాటా కింద చూపెడ్దాం, మిగతాది లోన్ తీసుకుందాం. ఎప్పుడు పడ్తది సార్?" హనుమకొండలో ప్రాజెక్ట్ రిపోర్టులు రాయబట్టి పద్దెనిమిదేళ్లు. ఈ మాట వినని నెల లేదు.

అపోహ: సబ్సిడీ ముందే వస్తుంది, దాంతో యూనిట్ పెట్టొచ్చు.

వాస్తవం: రాదు. 2014 నాటి తెలంగాణ పారిశ్రామిక ప్రోత్సాహకాల పథకం టీ-ఐడియానే తీసుకోండి. సూక్ష్మ, చిన్న యూనిట్లకు స్థిర పెట్టుబడిపై 15 శాతం, గరిష్ఠంగా 20 లక్షలు. వినసొంపుగానే ఉంది. కానీ ఉత్పత్తి మొదలయ్యాకే క్లెయిమ్ వేయాలి. అది శాంక్షన్ కావాలి. తర్వాత నిధులు విడుదల కావాలి. కరెంటు రాయితీ, పావలా వడ్డీ కూడా మీరు కట్టాక తిరిగొచ్చేవే. పాలసీ మారినప్పుడల్లా శాతాలు మారతాయి, ఈ వరస మాత్రం మారదు. శాంక్షన్ లెటర్ వచ్చి ఏళ్లు గడిచినా డబ్బు పడని ఫైళ్లు నా బీరువాలో ఉన్నాయి. ఈఎంఐ మాత్రం ఏ నెలా ఆగదు.

కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. ఒక కారంపొడి యూనిట్ రిపోర్టులో సబ్సిడీని మొదటి ఏడాది రాబడిలో కలిపేశాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే ఫిబ్రవరి, మార్చిలోనే ఏడాది సరుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. ఆ యూనిట్ ఓనర్ సబ్సిడీ కోసం ఎదురుచూసి, రేటు పెరిగాక బస్తా బస్తా కొన్నాడు. ఇప్పటికీ కనబడితే బాగానే పలకరిస్తాడు. నాకే తల ఎత్తబుద్ధి కాదు.

"వియత్నాంలో అన్నీ ఫ్రీ అట" అంటారు. అదీ పుకారే. 1986లో సంస్కరణలు మొదలుపెట్టిన ఆ దేశం శాంసంగ్‌ను తన బాక్‌నిన్ రాష్ట్రానికి రప్పించింది ప్రధానంగా పన్ను రాయితీతో. లాభం వస్తేనే కదా ఆదాయపు పన్ను మినహాయింపుకు విలువ! పోలండ్‌లో మియెలెత్స్ అని విమానాల ఫ్యాక్టరీ మీద బతికిన ఊరు. మన వరంగల్‌కు అజంజాహి బట్టల మిల్లు ఎలాగో వాళ్లకు అది అలాగ. సోవియట్ ఆర్డర్లు పోయి ఊరు కుదేలైంది. 1995లో ఆ దేశపు మొదటి ప్రత్యేక ఆర్థిక మండలి అక్కడే పెట్టారు. ఇంత పెట్టుబడి పెడతాం, ఇంతమందికి పని ఇస్తాం అని ఒప్పుకుంటేనే మినహాయింపు.

మా నాయన అజంజాహిలో పనిచేసేవాడు. మిల్లు జీతం తారీఖు చూసి దుకాణాల్లో ఉద్దెర ఇచ్చేవాళ్లు. సబ్సిడీ తారీఖు చెప్పి ఉద్దెర అడగండి, ఎవరిస్తారో చూద్దాం.

మిగతావి గబగబా. "1991లో ప్రభుత్వం పరిశ్రమల నుంచి తప్పుకుంది": ఆ జులైలో చాలా పరిశ్రమలకు లైసెన్సు తీసుకోవాలన్న నిబంధన ఎత్తేశారు, పూర్తిగా తప్పుకోలేదు. 2020లో వచ్చిన పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి కంపెనీలకు ప్రోత్సాహకం ఇచ్చే కేంద్ర పథకం, ఏమిటి మరి? "పాలసీ పెద్ద కంపెనీలకే": పైన చెప్పిన 15 శాతం చిన్నవాళ్లదే. "గీసుగొండ టెక్స్‌టైల్ పార్క్ పక్కన ప్లాట్ కొంటే చాలు": అది రియల్ ఎస్టేట్, నన్ను అడగకండి.

పరకాల తమ్ముడికి సబ్సిడీ గడిలో సున్నా వేసి లెక్క మళ్లీ కట్టాను. మొహం వాడిపోయింది, టెన్షన్ పడ్డాడు. భయపడటంలో తప్పేం లేదన్నాను. ఎనిమిది కాదు, నాలుగు లూమ్‌లతో అయితే ఈఎంఐ పోను నెలకు కాస్త మిగులుతోంది. సోమవారం వాళ్ల నాన్నను తీసుకొస్తానన్నాడు.