మన పార్కుకు నీళ్ళు ఎవరు పోస్తారు?

అనంతపురం,
ఎండలు ముదిరిన ఒక సాయంత్రం.

చిరంజీవులైన పిల్లలకు,

మొన్న ఆదివారం మీరు ఐదుగురూ మా అరుగు మీద కూర్చుని ఒక ప్రశ్న అడిగారు. "తాతా, మన కాలనీ పార్కుకు రంగులు వేసి, రిబ్బను కత్తిరించి తెరిచి రెండేళ్ళే కదా అయింది, అప్పుడే ఎందుకు ఎండిపోయింది?" అన్నారు. అంతలో కరెంటు పోయింది, దోమలు కుట్టాయి, మీ అమ్మలు కేకేశారు. నేను "నీళ్ళు లేవు నాయనా" అని తేల్చేశాను. అది అబద్ధం కాదు గాని సగం జవాబు. ముప్పై ఏళ్ళు పురపాలక ఉద్యోగంలో తోటలూ ఆటస్థలాలూ చూసుకుని రిటైరైన మనిషి అంతటితో తప్పించుకోకూడదు. అందుకే ఈ ఉత్తరం. చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళు చదివి వినిపించండి. లెక్కలు వచ్చిన చోట పెన్సిల్ పట్టుకోండి.

ముందు ఆ స్థలం సంగతి. ఎవరైనా పొలాన్ని ఇళ్ళ స్థలాలుగా విడగొట్టి లేఅవుట్ వేస్తే, అందులో పది శాతం జాగాను ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడు, అంటే దానపత్రం, రాసి ఊరికి అప్పగించాలి. మీ పార్కు అలా వచ్చిందే. కాబట్టి అది ఎవరో దయతో ఇచ్చింది కాదు. ఆ కాలనీలో ప్లాటు కొన్న ప్రతివాళ్ళూ దాని ధర తెలియకుండానే కట్టారు. మన రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూలు అని ఒకటుంది. పట్టణాల పాలక సంస్థలు చూసుకోదగిన పనులు అందులో పద్దెనిమిది ఉన్నాయి. పన్నెండోది చదవండి: పార్కులు, తోటలు, ఆటస్థలాలు. 74వ సవరణతో చేరిన ఆ షెడ్యూలు 1993 జూన్ 1 నుంచి అమలులో ఉంది.

అయినా ఖాళీ స్థలం కనబడితే పెద్దలకు చేతులు ఊరుకోవు. ఒకరికి గుడి కావాలి, ఒకరికి నీళ్ళ ట్యాంకు, ఇంకొకరికి సంఘం ఆఫీసు. అన్నీ మంచి పనులే, అక్కడే చిక్కు. బెంగళూరులో ఒకప్పుడు పార్కుకని వదిలిన స్థలాన్ని ఆస్పత్రి కట్టుకోమని ఒక ట్రస్టుకు ఇచ్చేశారు. చుట్టుపక్కల నివాసులు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆస్పత్రి అవసరమే, కానీ దానికి వేరే చోటు దొరుకుతుంది. ఇళ్ళ మధ్య పోయిన పార్కు మళ్ళీ దొరకదు. నన్నడిగితే కొత్త పార్కుకు మొదట కావలసింది ఫౌంటెన్ కాదు, కంచె. రెండోది, సర్వే నంబరు రాసిన బోర్డు.

ఇక నీళ్ళు. పెన్సిల్ తీయండి.

వానను మిల్లీమీటర్లలో ఎందుకు కొలుస్తారో బడిలో చెప్పారో లేదో. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది సరిగ్గా ఒక లీటరు. మీ పార్కులో పచ్చిక పరిచిన భాగం వెయ్యి చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్ల పైచిలుకు కాదు, కాస్త తక్కువే. మన ఎండల్లో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు ఐదు మిల్లీమీటర్లయినా తాగుతుంది. వెయ్యిని ఐదుతో హెచ్చవేయండి: ఐదు వేల లీటర్లు. ఒక ట్యాంకరు. మార్చి నుంచి జూన్ దాకా నూట ఇరవై రోజులు పట్టుకుంటే నూట ఇరవై ట్యాంకర్లు.

ఇప్పుడు ఆకాశం ఇచ్చేదెంతో చూద్దాం. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. నైరుతి రుతుపవనం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని ఒట్టి చేతులతో మన మీదుగా వెళ్తుంది. ఈశాన్యం కోస్తా మీద కురిసి, ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతుంది. సరే, 550ని వెయ్యితో హెచ్చవేస్తే ఐదున్నర లక్షల లీటర్లు, అంటే నూట పది ట్యాంకర్లు. చూశారా? నాలుగు నెలల్లో గడ్డి తాగేది, ఏడాది పొడవునా దాని మీద పడే వాన కంటే ఎక్కువ. పైగా ఆ వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరులలో నాలుగైదు దెబ్బల్లో కురిసి, గేటు కింది నుంచి కాలువలోకి పోతుంది.

మీ పార్కు ఎండిపోవడానికి అసలు కారణం ఆ గడ్డి. ప్రారంభోత్సవం నాడు ఫొటోలో బాగుంటుందని చాపల్లాగా చుట్టి తెచ్చిన పచ్చిక అంతటా పరిచారు. మొదటి ఏడాది బోరు పోసింది. రెండో వేసవిలో బోరు దమ్ము తగ్గింది, మోటారు కాలిపోయింది, తర్వాత ట్యాంకరు వారానికి రెండుసార్లే వచ్చింది. గడ్డితోపాటు, పాపం, దాని పక్కన పెట్టిన మొక్కలూ పోయాయి.

మన ఊరు పుట్టిందే నీళ్ళ లెక్క మీద. 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి, దాని రెండు కొసల్లో రెండు ఊళ్ళు కట్టించాడని చెబుతారు. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం, అదే మన అనంతపురం. ఒకటి సముద్రమట, ఒకటి సాగరమట! నీళ్ళు లేని చోటనే నీళ్ళ పేర్లు ఇంత గొప్పగా పెడతారేమో. ఆ మనుషులు వానను కట్ట వేసి ఆపారు. మనం పార్కుకు సిమెంటు గచ్చు వేసి బయటికి తోలుతున్నాం. ఆ పాతిక సెంట్ల అంచున, పల్లంగా ఉన్న మూలల్లో రెండు మూడు ఇంకుడు గుంతలు తీసి, రాళ్ళూ ఇసుకా నింపి ఉంటే ఆ నూట పది ట్యాంకర్లలో కొన్నయినా నేలలోకి దిగేవి.

పచ్చిక వద్దని నేను అనను. పసిపిల్లలు పొర్లడానికి, అవ్వలు కూర్చోవడానికి రెండు సెంట్లు చాలు. మిగతాది నీడ కావాలి. వేప, కానుగ, నేరేడు. వీటిని మొదటి మూడేళ్ళు తల్లిలాగా చూసుకుంటే ఆ తర్వాత అవే మనల్ని చూసుకుంటాయి. కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమానును చూశారా? ఒక్క చెట్టు ఐదెకరాలకు దగ్గరగా పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఈ ఎండల్లోనే, ఈ నేల మీదే. తొందరగా పచ్చదనం కావాలని ఈ మధ్య కోనోకార్పస్ అనే విదేశీ మొక్క పెట్టడం ఒక జబ్బుగా మారింది. వేళ్ళు పైపుల్లోకి దూరుతాయని, పుప్పొడి పడదని ఫిర్యాదులు వచ్చి 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటవద్దని నిషేధించింది. ఆ మొక్క మీద పిట్ట వాలగా నేను పెద్దగా చూడలేదు.

నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం ఉపన్యాసమవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జూలై మొదటి వారం వనమహోత్సవానికి ఒకే రోజు రెండు వందల మొక్కలు నాటించాను. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన పండుగ అది. దేశమంతా జూలైలోనే చేస్తారు. మనమూ చేశాం. బ్యాండు కూడా పెట్టాం. ఆగస్టు నెలాఖరుకు ముప్పై మొక్కలు మిగిలాయి. కేరళకు జూలై అంటే వాన, మనకు జూలై అంటే గాలి. ఎర్రమట్టి దుమ్ము లేపే గాలి. అప్పుడు మా తోటమాలి, బడి మెట్లు ఎక్కని మనిషి, పార భుజాన పెట్టుకుని అన్నాడు: "సార్, మొక్కకు పండుగ సెప్టెంబరులో వస్తుంది." మరుసటి ఏడాది నుంచి జూలైలో గుంతలు తీసి, పెంట ఎరువు వేసి వదిలేవాళ్ళం. మొక్క మాత్రం మంచి వాన పడిన మర్నాడే దిగేది.

ఆట వస్తువుల సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకే బాగా తెలుసు కనుక. జారుడుబల్ల స్టీలుది, పడమటి వైపు మొహం పెట్టి బిగించారు. మధ్యాహ్నం మూడింటికి దాని మీద అట్టు పోయవచ్చు. దాన్ని ఉత్తరం వైపు తిప్పి, పడమర పక్కన ఒక వేప పెడితే సరిపోయేది. ఉయ్యాల దగ్గర ఒక పని చేయండి: పైన గొలుసు వేలాడే కొక్కెం ఉంటుంది చూడండి, రాపిడికి అది లోపలి వైపు అరుగుతూ ఉంటుంది. సగం అరిగిందంటే ఎక్కవద్దు, అప్పటికప్పుడు వార్డు సచివాలయంలో చెప్పండి. ఉయ్యాల కింద సిమెంటు ఉండకూడదు, జానెడు లోతు ఇసుక ఉండాలి. ఇది పట్టించుకోని పార్కులో ఎన్ని రంగులు వేసినా నాకు కోపం వస్తుంది.

పార్కు నడపడంలో చెట్ల కంటే కష్టం మనుషులు. తెల్లవారుజామున ఐదింటికి నడిచేవాళ్ళు వస్తారు, వాళ్ళకు మీ క్రికెట్ బంతి అంటే భయం. సాయంత్రం మీరు వస్తారు, మీకు ట్రాకు మీద నడిచే పెద్దమనుషులు అడ్డం. ఆడవాళ్ళు రావాలంటే రెండు కావాలి: వెలుగుతున్న దీపం, తాళం వేయని మరుగుదొడ్డి. అవి లేని పార్కు సగం ఊరికి మూసేసినట్టే. ఒకచోట నడకసంఘం వాళ్ళు "పిల్లలు ఆడరాదు" అని బోర్డు పెట్టించారు. నేను తీయించాను. ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో ఆడుకోవడం హక్కు అని రాసి ఉంది, మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది అని చెబితే, ఒక పెద్దాయన "ఆ కాగితం నా మోకాలికి తగిలే బంతిని ఆపుతుందా?" అన్నాడు. ఆయనదీ న్యాయమే. చివరికి వేళలు పంచాం. నాలుగు నుంచి ఆరున్నర దాకా మైదానం పిల్లలది, మెత్తటి బంతి మాత్రమే. అప్పటి నుంచి ఆయనే మీలాంటి పిల్లలకు అంపైరు.

డబ్బు? 2015లో పట్టణాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకంలో మన అనంతపురం, కర్నూలు, కడప కూడా చేరాయి. అందులో పార్కులకు రెండున్నర శాతం దాకా కేటాయించుకోవచ్చని రాశారు. ఇలాంటి డబ్బు కట్టడానికి వస్తుంది. కాపలా మనిషి జీతం, మోటారు కరెంటు బిల్లు, విరిగిన కుళాయి మాత్రం ఏటేటా మీ నాన్నలు కట్టే పన్నులోంచే రావాలి. కొత్త పార్కుకు శిలాఫలకం ఉంటుంది, మార్చిన కుళాయికి ఉండదు. అందుకే కుళాయి మార్చడానికి అంత ఆలస్యం. 2024 సెప్టెంబరులో మన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగినప్పుడు, ఇంత కరువు జిల్లాలో అంత పచ్చటి మైదానమా అని చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. అలాంటి మైదానం కనబడిన చోటల్లా, పొద్దున్నే లేచి దాని పనే చూసే మనుషులు ఉన్నారని గుర్తుపట్టండి.

అక్కడికే వస్తున్నాను. "మేము ఏమైనా చేయవచ్చా?" అని మీలో ఒకమ్మాయి అడిగింది. మన రాష్ట్రంలో 2019 తర్వాత వాలంటీరు అంటే గౌరవ వేతనం తీసుకుని ఇంటింటికీ వచ్చే మనిషి అనే అర్థం స్థిరపడింది. నేను పాత అర్థంలో వాడుతున్నాను: జీతం లేకుండా, తన ఇష్టంతో పనికి వచ్చేవాళ్ళు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్‌లో కాలేజీ విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలని నియమం పెట్టారు. ఆ గంటల లెక్కలో ఒక తెలివి ఉంది. ఉత్సాహాన్ని కొలవలేం, గంటలను కొలవగలం.

నేను దీన్ని దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక ఆదివారం శ్రమదానం అంటే అరవై మంది వచ్చారు. బ్యానరు, ఫొటో, ఉప్మా. పారలు ఎనిమిదే ఉన్నాయి. యాభై మంది నిలబడి చూశారు. పై ఆదివారం ఏడుగురు వచ్చారు. రానివాళ్ళను తిట్టుకున్నాను, తర్వాత తెలిసింది తప్పు నాదేనని. పని లేని చోటికి మనిషి రెండోసారి రాడు. ఆ ఏడుగురితోనే కూర్చుని, ఒక్కొక్కరికి నాలుగేసి మొక్కలు, వారంలో రెండు రోజులు, పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా అని రాసుకున్నాం. నలభై పేజీల నోటుబుక్కు ఒకటి, వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలి. రానివాళ్ళు ముందురోజే చెప్పాలి, అంతే షరతు. రెండు నెలలకు ఏడుగురు పందొమ్మిది మంది అయ్యారు. పారలు పట్టలేని ఒక రిటైరైన పంతులమ్మ కూడా వచ్చి, ఆ నోటుబుక్కు బాధ్యత తీసుకుంది. ఆమె కళ్ళజోడులోంచి చూస్తే చాలు, ఆలస్యంగా వచ్చినవాడు పరుగెత్తేవాడు.

నీళ్ళు పొదుపుగా పోసే పద్ధతి ఒకటి మీకు చూపిస్తాను. కాల్చిన మామూలు మట్టికుండ, నున్నటి పూత లేనిది, మొక్కకు మూరెడు దూరంలో మెడ దాకా పాతిపెట్టాలి. నిండా నీళ్ళు పోసి, మూత పెట్టాలి, లేకపోతే దోమలు చేరతాయి. కుండ గోడ చెమర్చినట్టు చెమర్చి, వేరుకు ఎంత కావాలో అంతే ఇస్తుంది. పైపుతో పోస్తే సగం ఎండ తాగేస్తుంది. ఇందులో ఎండకు వాటా లేదు. మీ పార్కులో బతికి ఉన్నవి ఇరవై రెండు మొక్కలు, నిన్న లెక్కపెట్టి వచ్చాను. కుమ్మరి దగ్గర ఇరవై రెండు కుండలకు చెప్పాను. డబ్బు సంగతి మీ నాన్నలతో నేను మాట్లాడుకుంటాను.

బుధవారం పొద్దున ఆరున్నరకు గేటు దగ్గరికి రండి. టోపీ, మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి, చెప్పులు లేకుండా రావద్దు, అక్కడ పల్లేరు ముళ్ళు ఉన్నాయి. ఇంకుడు గుంత ఎక్కడ తీయాలో అనుమతి అడుగుతూ వార్డు సచివాలయానికి అర్జీ రాశాను, కింద మీ ఐదుగురి సంతకాలకు చోటు వదిలాను. గేటు పక్కన మూడో వేప దగ్గర గట్టిగా అరవవద్దు. కింది కొమ్మలో పావురాయి గుడ్లు పెట్టింది.

ఆశీస్సులతో,
మీ తాత