లైట్లు కొట్టుకుంటుంటే తప్పు బల్బుదేనా? అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో వైరింగ్, రిపేర్లు చేయడం నా పని. లైట్లు కొట్టుకుంటున్నాయని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు ఒకటే అడుగుతాను: ఒక్క బల్బా, ఒక గదా, ఇల్లంతానా? తప్పు ఎక్కడుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: బల్బు మారిస్తే సరిపోతుంది.

ఒక్క బల్బే అయితే దాన్ని తీసి పక్క గది హోల్డర్‌లో పెట్టి చూడండి. అక్కడా మిణుకుమంటే బల్బు లోపల కరెంటును సర్దే డ్రైవర్ సర్క్యూట్ పోయింది. అక్కడ నిలకడగా వెలిగితే పాత హోల్డర్‌నో, స్విచ్‌నో చూడాలి. హోల్డర్ పిన్నులు వేడికి నల్లబడి, స్ప్రింగు బిగువు పోయి ఉంటాయి. స్విచ్ దగ్గర చిటపట శబ్దమో, కాలిన వాసనో వస్తే దాన్ని వాడకండి. ఎంసీబీ (మీటరు బోర్డులో ట్రిప్ అయ్యే స్విచ్) ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అపోహ: ఇల్లంతా కొట్టుకుంటే లో వోల్టేజీ, స్టెబిలైజర్ పెట్టాలి.

లో వోల్టేజీ అయితే సాధారణంగా లైట్లు డల్‌గా ఉంటాయి, ఫ్యాన్ నెమ్మదిస్తుంది. మోటారు ఆన్ చేసిన క్షణంలో వెలుతురు కాస్త తగ్గి వెంటనే సర్దుకుంటే కంగారు పడక్కర్లేదు. గాలి వీచినప్పుడో, వాన పడినప్పుడో కొట్టుకుంటే మాత్రం స్తంభం నుంచి మీటరు దాకా ఎక్కడో జాయింట్ లూజ్ అయినట్టే. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీస్ వైరు చాలాచోట్ల అల్యూమినియం, ఇంట్లోది రాగి. రెండూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టేస్తే తడికి తెల్లటి పొడి పట్టి, జాయింట్ వేడెక్కుతుంది. ఆ రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టరే వాడాలి. దీన్ని స్టెబిలైజర్ బాగుచేయలేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగడం. స్తంభం మీద కరెంటు తెచ్చే మూడు వైర్లకూ, అంటే మూడు ఫేజులకూ, కలిపి న్యూట్రల్ ఒకటే. ఇంటికి రావాల్సింది 230 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉండేది దాదాపు 400. స్తంభం మీద న్యూట్రల్ పోతే లోడు తక్కువున్న ఫేజులో వోల్టేజీ 300 దాటొచ్చు, ఎక్కువున్న ఫేజులో పడిపోతుంది. అందుకే మీ ఇంట్లో లైట్లు డల్ అయితే పక్కింట్లో కళ్లు చెదిరేలా వెలుగుతాయి. త్రీఫేజ్ ఇంట్లో ఈ తేడా గదికీ గదికీ మధ్యే కనిపిస్తుంది. అలా కనిపించిన క్షణమే మెయిన్ ఆఫ్ చేయండి. టీవీ, ఫ్రిజ్ బోర్డులు కాలిపోయేది అప్పుడే. తర్వాత కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. స్తంభం లైన్‌మన్ పని, ఎంత తెలిసినవాళ్లైనా ఎక్కొద్దు.

అపోహ: టెస్టర్ వెలిగింది కాబట్టి కరెంటు బాగానే ఉంది.

టెస్టర్ వెలగడానికి అతి కొద్ది కరెంటు చాలు, లూజ్ జాయింట్ మీదా వెలుగుతుంది. ఇంట్లోకి వచ్చే న్యూట్రల్ తెగి, ఏదో ఒక లైటు స్విచ్ ఆన్‌లో ఉంటే ప్లగ్గులో ఫేజ్ రంధ్రంతో పాటు న్యూట్రల్ రంధ్రంలోనూ వెలుగుతుంది! రెండింటిలో వెలిగితే రెండు ఫేజులు వచ్చాయనుకుంటారు, చాలాసార్లు అది న్యూట్రల్ పోయిన గుర్తు. వోల్టేజీ చూపించే మల్టీమీటరుతో కొలిస్తే గానీ నిజం తేలదు.

అపోహ: న్యూట్రల్ రాకపోతే ఎర్త్ నుంచి తీసుకోవచ్చు.

దయచేసి ఈ పని చేయించుకోకండి. ఎవరైనా చేస్తానన్నా ఒప్పుకోకండి. లైట్లు వెలుగుతాయి, నిజమే. కానీ ఆ ఎర్త్ వైరు ఎక్కడైనా ఊడితే ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషిన్ బాడీలకు కరెంటు వచ్చేస్తుంది. తడి చేత్తో ముట్టుకునే పిల్లలు, ఆడవాళ్లు ఇంట్లోనే ఉంటారు.

అపోహ: స్విచ్ ఆపినా ఎల్ఈడీ సన్నగా మిణుకుమంటే బల్బు నాసిరకం.

స్విచ్‌లో చిన్న ఇండికేటర్ లైటు ఉంటే దాని గుండా వచ్చే కరెంటుకే అలా అవుతుంది, అది ప్రమాదం కాదు. ఇండికేటర్ లేకుండా అలా వెలిగితే స్విచ్‌ను ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో వేశారేమో చూపించండి. అలా వేసి ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. బోర్డు విప్పి వైర్లు సరిచేసేదాకా మెయిన్ ఆపకుండా ఆ బల్బు ముట్టుకోకండి.