ఎనర్జీ ఆడిట్: ఫ్యాక్టరీల్లో, పెద్ద భవనాల్లో నేను రోజూ వినే అపోహలు - వాస్తవాలు

"ఎనర్జీ ఆడిట్‌కి వచ్చాం" అనగానే గేటు దగ్గర సెక్యూరిటీ అతను అడిగే మొదటి మాట, "కరెంటాఫీసు నుంచా సార్?" లోపల ఎలక్ట్రీషియన్లదీ అదే టెన్షన్. మీటరు చూసి కేసు రాస్తామేమోనని ఒకరి భయం, తప్పులన్నీ ఓనరుకి చెప్పేస్తామేమోనని ఇంకొకరి భయం. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఎక్కడికెళ్లినా ఇవే అనుమానాలు ఎదురవుతాయి కాబట్టి, ఒక్కచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ఆడిటర్ తప్పులు పట్టడానికి వస్తాడు.

వాస్తవం: మేం కొలవడానికి వస్తాం. లోపలికి వచ్చిన కరెంటు, బొగ్గు, డీజిల్, ఊక ఏ మెషీన్‌లో ఎంత ఖర్చవుతోంది, అందులో ఎంత పనికొస్తోంది, ఎంత వృథా అవుతోంది అన్నదే మా లెక్క. ఈ లెక్కలో మాకు అందరికంటే ఎక్కువ సాయం చేసేది ఆపరేటర్లే. "ఆ పంపు వాల్వు సగం మూసే నడుపుతాం సార్, పూర్తిగా తెరిస్తే ట్రిప్ అవుతుంది" అనే సంగతి ఏ డ్రాయింగ్‌లోనూ ఉండదు. అందుకే నేను మొదటి రోజు టీ వాళ్లతోనే తాగుతాను. రిపోర్టులో ఎవరి పేరూ రాయను.

అపోహ: ఏడాది బిల్లులు పంపిస్తే చాలు, ఎంత ఆదా అవుతుందో చెప్పేయొచ్చు.

వాస్తవం: బిల్లు చూస్తే కాంట్రాక్టెడ్ డిమాండ్ (కరెంటు సంస్థతో ముందే ఒప్పుకున్న గరిష్ఠ లోడ్) ఎక్కువ పెట్టుకున్నారా, పీక్ అవర్స్‌లో ఎంత వాడుతున్నారు లాంటివి తెలుస్తాయి. అదీ అవసరమే, కానీ వృథా ఎక్కడుందో బిల్లు చెప్పదు. హైదరాబాద్ శివార్లలో ఒక తినుబండారాల ఫ్యాక్టరీ అనుభవం చెప్తాను.

అక్కడ 90 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్ ఒకటుంది, అంటే గాలిని ఒత్తి లైన్లలోకి పంపే మెషీన్. ప్యాకింగ్ మెషీన్లన్నిటికీ గాలి దాని నుంచే వెళ్తుంది. ఆదివారం ప్రొడక్షన్ లేదు కాబట్టి గాలి వాడే మెషీన్లన్నీ ఆపించి, కంప్రెసర్ ఒక్కటే నడపమన్నాం. లైన్లు బిగుతుగా ఉంటే ప్రెషర్ నిండాక కంప్రెసర్ అన్‌లోడ్‌లోకి (మోటారు తిరుగుతున్నా గాలి పంపని స్థితి) వెళ్లి అలాగే ఉండాలి. మేం స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాం. 40 సెకన్లు లోడ్, 80 సెకన్లు అన్‌లోడ్, మళ్లీ 40, మళ్లీ 80. లోడ్ సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే లీకేజీ ఎంతో వస్తుంది. అంటే ఆ కంప్రెసర్ ఇచ్చే గాలిలో మూడో వంతు లీకుల పాలే. అన్‌లోడ్‌లోనూ అది పూర్తి లోడ్ కరెంటులో పావు వంతు తీసుకుంటోంది. పవర్ అనలైజర్‌లో సగటు చూస్తే 45 కిలోవాట్లు. ఒక్క ప్యాకెట్ కూడా తయారు కాని ఫ్యాక్టరీలో గంటకు 45 యూనిట్లు!

తర్వాత ఆ నిశ్శబ్దంలో లైన్ల వెంట నడిచాం. పగలు మెషీన్ల మోతలో వినపడని బుస్సుమనే చప్పుడు అప్పుడు ప్రతి మూలా వినిపించింది. సబ్బు నురగ పూసి చూశాం, దొరికిన చోటల్లా ఎర్ర ట్యాగు కట్టాం. ఎక్కువ లీకులు పెద్ద పైపుల్లో లేవు. మెషీన్ దగ్గర ఉండే పుష్ ఫిట్టింగుల్లో, వదులైన హోస్ క్లిప్పుల్లో, ఎప్పుడో తీసేసిన మెషీన్‌కి మిగిలిపోయిన లైన్లలో ఉన్నాయి. ఇది బిల్లులో ఎలా కనిపిస్తుంది?

అపోహ: ఎనర్జీ అంటే కరెంటే కదా.

వాస్తవం: బాయిలర్ ఉన్న చోట ఇంధనం ఖర్చు కరెంటుకి మించి ఉండొచ్చు. చిమ్నీలో పోయే పొగ వేడి, అందులోని ఆక్సిజన్ శాతం కొలుస్తాం. పొగ వేడి సుమారు 22 డిగ్రీలు తగ్గితే బాయిలర్ సామర్థ్యం ఒక శాతం పెరుగుతుంది. పారాబాయిల్డ్ రైస్ మిల్లుల్లో "ఊకే కదండీ, మనదేగా" అంటారు. మిగిలిన ఊకకి ఇప్పుడు మంచి ధరే పలుకుతోంది, ఆ లెక్క కూడా వేసుకోవాలి.

అపోహ: మెషీన్ మీదున్న నేమ్‌ప్లేట్ చూసి లెక్క కట్టేయొచ్చు.

వాస్తవం: మోటారు మీద 37 కిలోవాట్లు అని ఉంటే అది షాఫ్ట్ దగ్గర ఇవ్వగలిగిన శక్తి. లైన్ నుంచి తీసుకునేది ఎంతో కొలిస్తేనే తెలుస్తుంది. క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి లోడ్ చెప్పడమూ తప్పే. తక్కువ లోడ్‌లో పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికి వెళ్లే వంతు) పడిపోతుంది కాబట్టి, ఆంపియర్లు ఉన్నదాని కంటే ఎక్కువ లోడ్ ఉన్నట్టు చూపిస్తాయి.

భవనాల్లో ఇది చిల్లర్ల (ఏసీ కోసం నీళ్లను చల్లబరిచే మెషీన్ల) దగ్గర బాగా తెలుస్తుంది. ఒక ఆసుపత్రిలో చిల్లర్ సెట్ పాయింట్, అంటే బయటికొచ్చే చల్లటి నీళ్లకి పెట్టిన ఉష్ణోగ్రత, 5 డిగ్రీలకు దించేశారు, అయినా పై అంతస్తుల్లో చల్లదనం చాలట్లేదని ఫిర్యాదులు. "మెషీన్ పాతబడింది, మార్చేయాలి" అని అప్పటికే కొటేషన్లు తెప్పించారు. అల్ట్రాసోనిక్ ఫ్లో మీటరు పైపుకి కట్టి, నీళ్ల ప్రవాహం, లోపలికీ బయటికీ ఉష్ణోగ్రతలు కొలిచాం. చిల్లర్ చేయాల్సిన పని చేస్తూనే ఉంది. పక్కన స్టాండ్‌బైలో ఉన్న రెండో చిల్లర్ పైపు మీద చెయ్యి పెట్టి చూస్తే అందులోనూ నీళ్లు పారుతున్నాయి. వాల్వు తెరిచే ఉంది! వెచ్చగా తిరిగొచ్చిన నీళ్లలో కొంత, ఆగిన చిల్లర్ గుండా చల్లబడకుండానే వెళ్లి చల్లటి నీళ్లలో కలుస్తోంది. వాల్వు మూశాక సెట్ పాయింట్ మళ్లీ 7కి తెచ్చాం. సెట్ పాయింట్ ఒక్క డిగ్రీ పెంచితే చిల్లర్ కరెంటు సుమారు 3 శాతం తగ్గుతుంది. కొటేషన్లు పక్కన పెట్టేశారు.

అపోహ: మెషీన్లు అమ్మే కంపెనీ వాళ్లు ఆడిట్ ఉచితంగా చేస్తున్నారు, ఇంకొకరికి ఫీజు ఎందుకు?

వాస్తవం: పంపులు అమ్మేవారికి పంపుల్లో లోపాలు బాగా తెలుస్తాయి, నేనేమీ వాళ్లని తప్పుపట్టను. కానీ "వాల్వు మూయండి, ఏమీ కొనక్కర్లేదు" అని చెప్పాల్సిన చోట ఆ మాట ఎవరంటారు? ఏ వస్తువూ అమ్మని, కమీషన్ తీసుకోని ఆడిటరే అనగలడు. పని అప్పగించే ముందు ఈ సంగతి సూటిగా అడగండి. 2001 ఎనర్జీ కన్జర్వేషన్ చట్టం కింద డెసిగ్నేటెడ్ కన్స్యూమర్లుగా (ఎనర్జీ ఎక్కువ వాడేవిగా) ప్రభుత్వం నోటిఫై చేసిన పరిశ్రమలైతే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉన్న ఆడిటర్‌తోనే చేయించుకోవాలి. సర్టిఫైడ్ వేరు, అక్రెడిటెడ్ వేరు. సర్టిఫికెట్ పరీక్ష పాసైతే వస్తుంది, అక్రెడిటేషన్‌కి పని అనుభవం కూడా చూస్తారు.

అపోహ: వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే డ్రైవ్) పెడితే ఎక్కడైనా ఆదానే.

వాస్తవం: ఫ్యాన్ వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి వస్తుంది, నిజమే. ఎప్పుడూ పూర్తి వేగంతోనే నడవాల్సిన ఫ్యాన్‌కి పెడితే డ్రైవ్‌లో పోయే రెండు మూడు శాతం అదనంగా మీ నెత్తిన పడుతుంది. నీళ్లను ఎత్తైన ట్యాంకుకి ఎక్కించే పంపులోనూ ఆ సగం లెక్క రాదు.

అపోహ: పవర్ ఫ్యాక్టర్ 0.99 ఉంది, ఇంక ఆడిట్‌తో పనేముంది?

వాస్తవం: మన రెండు రాష్ట్రాల్లో హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్) బిల్లు కేవీఏహెచ్‌లో, అంటే పవర్ ఫ్యాక్టర్ తగ్గితే పెరిగే లెక్కలో, వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ బాగుండటం అవసరమే. కానీ పవర్ ఫ్యాక్టర్ పెంచే కెపాసిటర్లు గాలి లీకును ఆపవు.

అపోహ: బిల్లు తగ్గితేనే ఆడిట్ ఫలించినట్టు.

వాస్తవం: మళ్లీ ఆ తినుబండారాల ఫ్యాక్టరీకే వస్తాను. లీకులు 15 శాతానికి తెచ్చారు, ప్రెషర్ ఒక బార్ తగ్గించారు, ఆదివారాలు కంప్రెసర్ ఆపేస్తున్నారు. కొన్ని నెలల తర్వాత ఓనరు గారు ఫోన్ చేశారు. "ఏంటండీ, నెలకి 1,80,000 యూనిట్లు ఉండేది, ఇప్పుడు 1,92,000 అయింది?" ప్రొడక్షన్ ఎంత అని అడిగితే 600 టన్నుల నుంచి 720కి పెరిగిందన్నారు. ఆయన మేనేజర్ వెంటనే లెక్క వేశాడు. టన్నుకి 300 యూనిట్లు ఉండేది 267 అయింది, అంటే నెలకి 24,000 యూనిట్లు మిగిలాయని.

ఆ లెక్కా సరికాదు. ఆడిట్‌కి ముందు ఏడాది డేటాతో మేం గీసిన బేస్‌లైన్ (ఏ మార్పూ లేనప్పటి వాడకం లెక్క) ప్రకారం, ఆ ఫ్యాక్టరీకి ప్రొడక్షన్ ఎంతున్నా నెలకి 60,000 యూనిట్లు తప్పదు, ఆపైన టన్నుకి 200. ప్రొడక్షన్ పెరిగితే టన్నుకయ్యే యూనిట్లు ఎవరూ ఏమీ చేయకపోయినా తగ్గుతాయి. ఏ మార్పూ చేయకుండా 720 టన్నులు తీసి ఉంటే 2,04,000 అయ్యేది, అయింది 1,92,000. మేనేజర్ చాలాసేపు వాదించాడు, 24,000 అయితే హెడ్డాఫీసుకి చూపించుకోవడానికి బాగుంటుందని. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా రిపోర్టులో 12,000 అనే రాశాను.