పిల్లల్లో ఆబ్సెన్స్ ఫిట్స్: ఏం చేస్తే వస్తాయి, ఏం చేస్తే రావు?

పిల్లల నరాల డాక్టరుగా నేను తరచూ వినే ప్రశ్న, "ఏం చేస్తే వస్తోంది డాక్టర్ గారూ?" అన్నం తింటూనో, మాట్లాడుతూనో పాప ఉన్నట్టుండి ఆగిపోతుంది. చూపు నిలిచిపోతుంది, రెప్పలు టపటపలాడతాయి. పది సెకన్లలో మళ్లీ మామూలే. ఇదే ఆబ్సెన్స్ ఫిట్. ఇది ఎక్కువగా 4 నుంచి 10 ఏళ్ల మధ్య మొదలవుతుంది, రోజుకు పదుల సార్లు రావచ్చు. చాలాసార్లు ఏ కారణమూ లేకుండానే వస్తుంది. అమ్మానాన్నల తప్పేమీ లేదు.

అపోహ: పరధ్యానం, చదువు మీద శ్రద్ధ లేదు.
వాస్తవం: పరధ్యానంలో ఉన్న బిడ్డ భుజం తడితే తేరుకుంటుంది. ఫిట్‌లో ఉంటే పిలిచినా, తట్టినా తెలియదు. ఆ కాసేపు టీచర్ చెప్పింది తన చెవికెక్కదు. దయచేసి తిట్టకండి, కొట్టకండి.

అపోహ: ఆయాసపడితే వస్తుంది, ఆటలు మాన్పించాలి.
వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. కదలకుండా కూర్చుని గబగబా, గట్టిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మందు ఇంకా మొదలుపెట్టని పిల్లల్లో చాలామందికి అప్పుడు ఫిట్ వచ్చేస్తుంది. అందుకే ఓపీలో కాగితపు గాలిచక్రం ఇచ్చి రెండు మూడు నిమిషాలు ఊదిస్తాం. మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే ఈఈజీ పరీక్ష తీసేటప్పుడూ ఇదే చేయిస్తాం. పరుగెత్తినప్పుడు అలా జరగదు. కండరాలు కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి, ఆయాసం ఆ ఎక్కువైనదాన్ని బయటికి పంపుతుంది. కాబట్టి కబడ్డీ ఆడనివ్వండి. చెరువులో ఈత, రోడ్డు మీద సైకిల్ మాత్రం ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా ఒంటరిగా వద్దు. ఊదించే పరీక్ష ఇంట్లో చేయకండి, ఉబ్బసం, గుండె జబ్బు, సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న పిల్లలకు అది ప్రమాదం. ఫిట్ వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి తెస్తే మాకు ఎంతో ఉపయోగం.

అపోహ: టీవీ, ఫోన్ వల్లే వస్తుంది.
వాస్తవం: మెరిసే వెలుగు కొందరికే పడదు. అది ఈఈజీలో తెలిసిపోతుంది. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది నిద్ర. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసినా, పెళ్లింట్లో మేలుకున్నా మర్నాడు ఫిట్స్ పెరగవచ్చు.

అపోహ: పడని తిండి వల్ల.
వాస్తవం: మామూలు తిండితో సంబంధం లేదు, పథ్యాలు వద్దు. కానీ నాలుగేళ్లలోపే మొదలై, పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కువై, టిఫిన్ తిన్నాక తగ్గుతుంటే తప్పకుండా చెప్పండి. మెదడుకు గ్లూకోజ్ సరిగా అందని గ్లూట్1 లోపం అరుదుగా ఇలా బయటపడుతుంది. దాని వైద్యం వేరు.

అపోహ: ఫిట్స్ మందు ఏదైనా ఒకటే.
వాస్తవం: అన్నిటికంటే నష్టం చేసే నమ్మకం ఇదే. కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటోయిన్ వేరే రకం ఫిట్స్‌కు మంచి మందులు, ఈ ఫిట్స్‌ను మాత్రం పెంచగలవు. బంధువుల బాబుకు పనిచేసిన మందు మీ పాపకు వేయకండి. ఆబ్సెన్స్ ఫిట్స్‌కు వాడేవి ముఖ్యంగా ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్. 2010లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ రెండూ లామోట్రిజిన్ అనే మరో ఫిట్స్ మందు కంటే బాగా పనిచేశాయి, ఏకాగ్రత మీద ప్రభావం ఎథోసక్సిమైడ్‌తో తక్కువగా కనిపించింది. ఆడపిల్లలకు వాల్‌ప్రోయేట్ రాసేముందు, ముందుముందు గర్భం మీద దాని ప్రభావం గురించి మాట్లాడుకోవాలి. మందు మొదలుపెట్టాక ఫిట్స్ ఎక్కువైతే సొంతంగా ఆపేయకండి, ఆ చీటీ పట్టుకుని వెంటనే డాక్టర్‌ను కలవండి.