ఎక్కడ కలుద్దాం? ఓటు పెట్టడం వెనకున్న పాత చిక్కు

ఎక్కడ కలుద్దాం అని గుంపులో ఓటు పెట్టడం, ఎక్కువమంది చెయ్యెత్తిన చోటు ఖాయం చేయడం, అందరూ సరే అనడం, తీరా ఆ రోజుకి దూరంగా ఉండేవాళ్లు రాకపోవడం... ఇది నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ బాధేసింది. ఎందుకంటే నాయకుణ్ణి ఎన్నుకునే ఓటు వేరు, చోటును ఎన్నుకునే ఓటు వేరు. నాయకుడి ఎన్నికలో ఓడినవాళ్లు కూడా సభలో ఉంటారు. చోటు విషయంలో ఓడితే సభకే రాలేకపోవచ్చు.

ముందు లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం. తొమ్మిది మంది, మూడు చోట్లు: కొండ, నది ఒడ్డు, ఊరు. నలుగురికి మొదట కొండ, తర్వాత ఊరు, చివర నది. ముగ్గురికి నది, ఊరు, కొండ. మిగతా ఇద్దరికి ఊరు, నది, కొండ. తలా ఒక ఓటు వేస్తే 4 ఓట్లతో కొండ గెలుస్తుంది, అయిదుగురు దాన్ని అట్టడుగున పెట్టినా సరే. అందరికంటే తక్కువ వచ్చిన ఊరిని తీసేసి మళ్లీ ఓటేయిస్తే, 5-4తో నది గెలుస్తుంది. జతలు జతలుగా పోటీ పెడితే ఊరు కొండను 5-4తో, నదిని 6-3తో ఓడిస్తుంది. మనుషులు వాళ్లే, ఇష్టాలు అవే, పద్ధతి మారిన ప్రతిసారీ చోటు మారింది!

ఈ చిక్కు చాలా పాతది. జతల పోటీ ఆలోచన 13వ శతాబ్దంలోనే తత్వవేత్త రామోన్ లుల్ రాతల్లో ఉంది. 1770లో గణితవేత్త బోర్దా ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ముందు ర్యాంకులకు మార్కులిచ్చి కూడే పద్ధతి పెట్టాడు (మన ఉదాహరణలో మొదటి స్థానానికి 2, రెండోదానికి 1 ఇస్తే ఊరికి 11, మిగతా రెండిటికీ చెరో 8 వస్తాయి). 1785లో మరో ఫ్రెంచ్ గణితవేత్త కొండోర్సే జతల పోటీయే సరైనదన్నాడు, దాంతోపాటు ఒక ఇబ్బందినీ బయటపెట్టాడు: ఒక్కోసారి మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించి, గెలుపు చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. చివరికి 1951లో ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో ఒక సంగతి గణితంతో నిరూపించాడు. మూడు లేదా అంతకంటే ఎక్కువ ఎంపికలుంటే, ర్యాంకులతో నడిచే ఏ పద్ధతీ మనం మామూలుగా న్యాయం అనుకునే నియమాలన్నిటినీ ఒకేసారి పాటించలేదు. ఇది తెలిశాక నాకు కొంత ఊరట కలిగింది, గొడవలన్నీ ఓటు పెట్టినవాళ్ల తప్పు కాదని.

చోటు కోసం జరిగిన ఓట్లలో బాగా తెలిసినది 2000 ఒలింపిక్స్‌ది. 1993లో మాంటే కార్లోలో ఓటింగ్ జరిగింది, రౌండుకొక నగరాన్ని తీసేస్తూ పోయారు. మొదటి మూడు రౌండ్లలోనూ బీజింగే ముందుంది, మూడో రౌండులో బీజింగ్‌కి 40, సిడ్నీకి 37, మాంచెస్టర్‌కి 11. మాంచెస్టర్ తప్పుకున్నాక సిడ్నీ 45, బీజింగ్ 43! తలా ఒక ఓటుతో మొదటి రౌండులోనే ఆపేసి ఉంటే క్రీడలు వేరే ఖండంలో జరిగేవి.

1978లో స్టీవెన్ బ్రామ్స్, పీటర్ ఫిష్‌బర్న్ వివరించిన ఆమోద ఓటు చిన్న గుంపులకి బాగా పనికొస్తుందని నా నమ్మకం. ఎన్ని చోట్లయినా టిక్ పెట్టొచ్చు, ఎక్కువ టిక్‌లు వచ్చింది గెలుస్తుంది. ప్రశ్నను "ఏది ఇష్టం?" అని అడగకుండా "ఎక్కడికి రాగలవు?" అని అడిగితే చాలు, రాలేనివాళ్ల సంఖ్య కళ్ల ముందుంటుంది.

కానీ ఏ లెక్కింపూ తీర్చలేని సమస్య ఇంకొకటి ఉంది, నన్ను ఎక్కువగా వేధించేది అదే. ఒకే రోడ్డు మీద అయిదుగురున్నారనుకోండి: 0, 5, 10, 20, 100వ కిలోమీటరు దగ్గర. జతల పోటీలో అందరూ తమకు దగ్గరైన చోటుకే ఓటేస్తే గెలిచేది నడిమి మనిషి ఉన్న 10వ కిలోమీటరే. ఓటర్ల ఇష్టాలు ఇలా ఒకే గీత మీద ఉంటే నడిమివాడి ఎంపికే గెలుస్తుందని 1948లో ఆర్థికవేత్త డంకన్ బ్లాక్ చూపించాడు. మొత్తం ప్రయాణం కూడా అక్కడే అతి తక్కువ, 115 కిలోమీటర్లు. అందులో 90 ఒక్క మనిషివే! 50 దగ్గర కలిస్తే ఎవరికీ 50కి మించదు, మొత్తం మాత్రం 215 అవుతుంది. ఏది న్యాయం? ఒక్కసారికైతే 10 అనే నేనూ అంటాను, కానీ ఏటా అదే ఓటు, అదే ఫలితం, అదే మనిషికి 90 కిలోమీటర్లు అంటే ఒప్పుకోలేను.

1939లో మొదలై, ఓటుతో ఎంచిన ఒక్కో ఊళ్లో జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం వాళ్లు దీనికి ఓటు బయట పరిష్కారం వెతికారు. వాళ్ల బ్యాలెట్‌లో ర్యాంకులుంటాయి, "పైవేవీ కాదు" అనే వరస కూడా ఉంటుంది. ఒకప్పుడు ఉత్తర అమెరికాను మండలాలుగా చేసి వంతులు వేసుకున్నారు, తర్వాత ఓటింగ్ జరిగే చోటుకి 500 మైళ్ల లోపు ఉన్న ఊరు పోటీలోకే రాకూడదన్న నియమం తెచ్చారు. మన రోడ్డు మీద కూడా, కిందటిసారి కలిసిన చోటుకి 40 కిలోమీటర్ల లోపు కలవకూడదని పెట్టి చూడండి. 10 దగ్గర కలిసిన మరుసటి ఏడాది అదే అయిదుగురు అలాగే ఓటేసినా గెలిచేది 50, ఆ పై ఏడాది మళ్లీ 10. చివరి మనిషికి ఏడాది విడిచి ఏడాది 40 కిలోమీటర్లు తగ్గుతాయి.