గీజాను చివరికి ఉంచుకోండి

పిల్లలతో ఈజిప్టు వెళ్ళేవాళ్ళు చాలామంది మొదటి రోజు పొద్దున్నే గీజాలో దిగుతారు. అంత డబ్బు పెట్టి వెళ్ళేది దానికోసమే కాబట్టి తప్పు పట్టలేం. కానీ ముందే అక్కడి మహా పిరమిడ్‌ను చూసేస్తే తర్వాత చూసేవన్నీ పిల్లల కంటికి ఆనవు. నన్నడిగితే గీజాను చివరికి ఉంచుకోవాలి. కైరోకు దక్షిణాన ఉన్న సక్కారా, దహ్షూర్ ముందు చూసి ఆ తర్వాత గీజాకు వస్తే, పిరమిడ్లు పుట్టిన వరుసలోనే వాటిని చూసినట్టవుతుంది. ఆ వరుసలో మంచి ఇంజినీరింగ్ కథ ఉంది. అందులో తప్పులూ ఉన్నాయి. పెద్దవాళ్ళ తప్పులంటే పిల్లలకు ఎంత ఇష్టమో తెలిసిందే కదా.

సక్కారాలో జోసర్ రాజు మెట్ల పిరమిడ్ ఉంది. క్రీ.పూ. 2650 ప్రాంతంలో కట్టింది. అంతకు ముందు రాజుల సమాధుల మీద పైన చదునుగా ఉండే మస్తబాలు కట్టేవారు, ఎక్కువగా పచ్చి ఇటుకలతో. జోసర్ సమాధి కూడా మస్తబాగానే మొదలైంది. కడుతూ కడుతూ ప్లాన్ మార్చారు. ముందు నాలుగు మెట్లు, తర్వాత ఆరు. ఎత్తు 60 మీటర్లు దాటింది. ఈ పనిని నడిపించినవాడిగా ఇమ్హోటెప్ పేరు చెబుతారు. అక్కడ పిల్లలకు ఒక పని అప్పజెప్పండి: గోడల్లో రాళ్ళు ఎంతెంత ఉన్నాయో చూడమనండి. చిన్నచిన్నవి. ఇటుకలతో కట్టడం అలవాటైన చేతులు రాతిని కూడా మొదట అలాగే వాడాయి. ఈ సంగతి గీజాలో పనికొస్తుంది.

సక్కారాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రాజుల సమాధులు కావు, ఉద్యోగులవి. తేతి అనే రాజు దగ్గర మంత్రిగా చేసిన మెరెరుకా సమాధిలో 30కి పైగా గదులున్నాయి. గోడల నిండా చెక్కిన బొమ్మలే. నీటిలో మొసలి, నీటిగుర్రాలు, రకరకాల చేపలు, నగలు చేస్తున్న మరుగుజ్జు కంసాలులు. ఒకచోట హైనాలకు బలవంతంగా తిండి పెడుతున్నారు. ఎందుకు పెడుతున్నారో తేల్చడం పిల్లలకే వదిలేయండి. చనిపోయినవాడికి అవతల కూడా భోజనం, పని, వినోదం అన్నీ అందాలని రాతిలో చెక్కించుకున్నారు. 4,300 ఏళ్ళ కిందటి ఊరి బతుకు గోడల మీద కనిపిస్తుంది. పిరమిడ్ లోపల కూడా ఇలాంటి బొమ్మలే ఉంటాయని పిల్లలు అనుకుంటారు. ఉండవు. పిరమిడ్ లోపలి గోడల మీద మొట్టమొదట రాతలు వచ్చింది ఉనాస్ రాజుకు, అదీ ఇక్కడే సక్కారాలో. బయటి నుంచి చూస్తే అది రాళ్ళగుట్టే. లోపల మాత్రం గోడల నిండా మంత్రాలు, పైకప్పు నిండా చుక్కలు.

ఇక దహ్షూర్. ఇక్కడి రెండు పెద్ద పిరమిడ్లూ ఒకే రాజువి, పేరు స్నెఫ్రూ. మొదటిది వంపు పిరమిడ్. కింద సుమారు 54 డిగ్రీల వాలుతో లేచి, సగం దగ్గర ఉన్నట్టుండి 43కి తగ్గిపోతుంది. కంకర, ఇసుక, బంకమట్టి ఉన్న బలహీనమైన నేల మీద అంత నిటారుగా కడితే బరువుకు నేల కుంగింది, లోపల పగుళ్ళు వచ్చాయి. గది గోడలు దగ్గరికి రాకుండా అప్పట్లో బిగించిన దేవదారు దూలాలు ఇప్పటికీ లోపలే ఉన్నాయి. ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోవచ్చు! పైభాగం బరువు తగ్గించడానికి వాలు తగ్గించారని ఎక్కువమంది పరిశోధకులు అంటారు. పక్కనే ఉన్న ఎర్ర పిరమిడ్‌ను కింది నుంచి పై దాకా 43 డిగ్రీలతోనే కట్టారు. నున్నటి పక్కలతో సరిగ్గా కుదిరిన మొదటి పిరమిడ్ అదే. అక్కడ నిలబడితే రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. స్కేలు, కోణమానిని తీసుకెళ్తే పిల్లలు దూరం నుంచే వాలు కొలిచి చూడొచ్చు. స్కూల్లో నేర్చిన కోణాలకు ఇంతకంటే పెద్ద ఉపయోగం దొరకదు.

ఎర్ర పిరమిడ్ లోపలికి వెళ్ళాలంటే పక్కన 28 మీటర్ల ఎత్తున ఉన్న ద్వారం దాకా ఎక్కి, అక్కడి నుంచి 60 మీటర్లకు పైగా ఏటవాలు దారిలో వంగి దిగాలి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు బయటే ఉండటం మంచిది. లోపల గాలి తక్కువ, ఉక్క ఎక్కువ. ఇరుకంటే భయపడే పిల్లలను బలవంతం చేయొద్దు. బొమ్మలున్న సమాధుల్లో గోడలను అస్సలు ముట్టుకోనివ్వొద్దు. చేతి చెమట ఒక్కటే కాదు, మన ఊపిరిలోని తేమ కూడా వాటికి శత్రువే. తేమ తగిలితే రాతిలోని ఉప్పు కరుగుతుంది, ఆరినప్పుడు మళ్ళీ పలుకులు కట్టి రంగుపూతను వెనక నుంచి తోసేస్తుంది. దక్షిణ ఈజిప్టులోని లక్సర్‌లో రాణి నెఫెర్తారి సమాధి ఉప్పు వల్లే బాగా పాడైంది. నిపుణులు 1986 నుంచి 1992 దాకా పనిచేసి దాన్ని కాపాడారు.

మమ్మీలంటే జంకే పిల్లలుంటే ఈజిప్టు దాకా వెళ్ళకముందే ఒక రిహార్సల్ చేయించొచ్చు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నిజాంల కాలంలో వచ్చిన ఈజిప్టు మమ్మీ ఉంది. పాడవకుండా ఆక్సిజన్ లేని గాజు పెట్టెలో పెట్టారు. ఆక్సిజన్ ఎందుకు తీసేశారని అడిగితే సగం కుళ్ళిపోవడం మీదకు, సగం సూక్ష్మజీవుల మీదకు మాట మళ్ళుతుంది. భయం సంగతి పిల్లలే మర్చిపోతారు.

ఇప్పుడు గీజా. స్నెఫ్రూ కొడుకే ఖుఫు. తండ్రి హయాంలో జరిగిన తప్పులన్నీ కొడుకు హయాంకు పాఠాలయ్యాయి. ఈసారి గట్టి రాతినేల ఎంచుకున్నారు, వాలు దాదాపు 52 డిగ్రీలకు పెంచారు, 146 మీటర్ల ఎత్తు లేపారు. సక్కారాలో చిన్న రాళ్ళు చూసిన పిల్లలు ఇక్కడ తమ భుజాల ఎత్తున్న రాళ్ళ పక్కన నిలబడతారు. లోపలి ఎక్కుడు దారి ఎత్తు 1.2 మీటర్లే. పెద్దలు సగానికి వంగి ఆయాసపడుతుంటే ఆరేడేళ్ళ పిల్లలు దర్జాగా నడిచిపోతారు. పై గదిలో ఒక్క బొమ్మ లేదు, మూత కూడా లేని గ్రానైట్ శవపేటిక ఒక్కటే ఉంది. నిరాశ పడకముందే ఒక పొడుపు వేయండి: ఈ పేటిక వెడల్పు మనం ఎక్కి వచ్చిన దారి కంటే కాస్త ఎక్కువ, మరి లోపలికి ఎలా వచ్చింది? గదికి పైకప్పు వేయకముందే పెట్టేశారు. ఆ జవాబు తట్టిన పిల్లలకు పిరమిడ్ కింది నుంచి వరుసవరుసగా లేచిన తీరు కూడా అర్థమైనట్టే.

"ఏలియన్స్ కట్టారట కదా?" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది, యూట్యూబ్ పుణ్యమా అని. కొట్టిపారేయకుండా ఆధారాలు చెప్పండి. పిరమిడ్లకు దగ్గర్లోనే పనివాళ్ళ ఊరు, రొట్టెలు కాల్చిన బట్టీలు బయటపడ్డాయి. వాళ్ళ సమాధుల్లో విరిగి మళ్ళీ అతుక్కున్న ఎముకలున్నాయి, అంటే దెబ్బ తగిలినవాళ్ళకు వైద్యం అందింది. 2013లో ఎర్ర సముద్ర తీరాన మెరెర్ అనే అధికారి పాపిరస్ మీద, అంటే జమ్ములాంటి మొక్కతో చేసిన కాగితం మీద, రాసుకున్న లెక్కలు దొరికాయి. రాసి ఉన్న పాపిరస్‌లలో ఇంతవరకు తెలిసినవాటిలో అవే అత్యంత పాతవి. అతని జట్టు తూరా గనుల నుంచి తెల్ల సున్నపురాయిని పడవల్లో గీజాకు చేర్చేది, పది రోజులకు రెండు మూడు విడతల చొప్పున.